యాడ పండుకుంటాన్నావని అడిగిన మనిషి

ఖాదర్‌వలీ గారు ఇక లేరు. ఈ వాక్యం రాసి నాలుగుసార్లు కొట్టేశాను. గురువారం ఉదయం అల్ అజీజియాలోని తన గదిలో, డ్యూటీకి చొక్కా వేసుకుంటూ గుండె ఆగి కూలిపోయారట. ఫోన్ వచ్చేసరికి ల్యాబులో నేను ఆయన కోసమే ఎదురుచూస్తున్నాను. ఆయన సగం పని చేసి పెట్టిన, రమణమ్మ అనే రోగి శాంపిల్ ఫ్రిజ్‌లో ఉంది. ఇరవై ఆరేళ్లు సౌదీలోని ఈ ఖోబర్‌లో పరాన్నజీవుల జన్యువులను శోధించిన ఆ నిష్ఠాపరుడు ఒక పనిని సగంలో వదలడం నేనెన్నడూ చూడలేదు.

ఇసుక ఈగ కుడితే ఒంటిమీద మొండిపుండు పడుతుంది. అందులోని పరాన్నజీవులు మైక్రోస్కోపు కింద అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఏ రకమో జన్యుపరీక్షే తేల్చాలి. రకాన్ని బట్టి వైద్యం మారుతుంది. వలస వచ్చినవాళ్ల విషయంలో ఇంకొకటి కూడా తేలాలి: రోగం ఊరినుంచి తెచ్చుకున్నారా, ఇక్కడ అంటిందా? ఊరినుంచి తెచ్చారని కాగితం మీద పడితే, మందు సగంలో ఉండగానే ఎగ్జిట్ వీసా కొట్టించి ఊరికి పంపేసే యజమానులున్నారు. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ఖాదర్‌వలీ గారి విద్వత్తంతా ఈ ఒక్క ప్రశ్నకే అంకితమైంది.

ఆయనకు నిలకడ లేదు. జన్యుపరీక్షలో రకాన్ని చూపే గీతలు జెల్ మీద తేలేదాకా కాలుగాలిన పిల్లిలా తిరిగేవారు. సులైమానీ టీ పోసుకుని, తాగడం మరిచి, చల్లారాక పారబోసేవారు. కోపం ముక్కుమీదే ఉండేది. "కాసేపు కూర్చోండి సార్" అంటే, "నేను కూర్చుంటే అది తొందరగా వస్తాదా?" అని కసిరేవారు.

నంద్యాల నుంచి వచ్చి చేరిన కొత్తలో నేను చేసిన తప్పు ఇక్కడ చెప్పుకోవాలి. మా ఫారంలో 'వ్యాధి సోకిన చోటు' అని ఒక గడి ఉంటుంది. అందరిలాగే నేనూ ఇఖామాలో, అంటే ఇక్కడి నివాస అనుమతి కార్డులో, ఉన్న జాతీయతనే అందులోకి దింపేదాన్ని. ఓబులేసు అనే పంపు మెకానిక్ చేతి పుండు రిపోర్టులోనూ అలాగే 'ఇండియా' అని రాసి పంపేశాను. మూడోరోజుకల్లా అతని కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఎగ్జిట్ కాగితాలు సిద్ధం చేయించాడు.

సార్ ఆ రిపోర్టు తెచ్చి నా ముందు పెట్టారు.

"ఇండియా అని రాసినావే, వాన్ని అడిగినావామ్మా?"

"ఇఖామాలో ఉంది సార్."

"వాడు యాడోడో ఇఖామా చెప్తాది. ఈగ యాడ కుట్టిందో చెప్తాదా?"



ఆ శుక్రవారం సెలవు మానుకుని ఆయన టాక్సీలో అల్ అహ్సా దగ్గర ఓబులేసు పనిచేసే ఖర్జూరపు తోటకు వెళ్లారు. అతను మూడేళ్లుగా ఊరు చూడలేదు. ఏసీ చెడిపోయిందని ఆరుబయట, ఇసుక ఈగలు కాపురముండే ఎలుకల బొరియల పక్కనే మంచం వేసుకుని పడుకుంటున్నాడు. పుండు లేచి రెండు నెలలే. జన్యురకం కూడా ఆ తోటల్లో పనిచేసేవాళ్లలో మేం తరచూ చూసినదే. రిపోర్టు మారింది, ఎగ్జిట్ ఆగింది. దిద్దిన కాగితం మీద సార్ సంతకం చేస్తారనుకున్నాను. "తప్పు నీది, సంతకమూ నీదే. ఫోన్ చేసి ఆ మనిషికి నువ్వే చెప్పు" అన్నారు.

"జెల్ సగమే చెప్తాది. తక్కిన సగం మనిషిని అడగల్ల" అనేది ఆయన నిత్యం అనే మాట. అందుకే ప్రతి రోగికీ ఫోన్ చేసి, "యాడ పండుకుంటాన్నావబ్బా?" అని అడిగేవారు. మేం చాటుగా నవ్వుకునేవాళ్లం.

శుక్రవారం జుమా నమాజు తర్వాత ఆయనను ఖోబర్‌లోనే ఖననం చేశారు. ఆడవాళ్లం అక్కడికి వెళ్లలేదు. గదిలో కాలు నిలవక ల్యాబుకు వెళ్లి, ఆయన స్టూలు ఖాళీగా ఉన్నా నిలబడే రమణమ్మ శాంపిల్ పూర్తిచేశాను. ఆమెది రాయచోటి, ఇక్కడొక అరబ్బుల ఇంట్లో పనిచేస్తోంది. చీలమండ మీద పుండు. ఉంచుకోవాలో పంపేయాలో ఆదివారం రిపోర్టు చూసి తేలుస్తానని ఆ ఇంటి మేడం చెప్పిందట. గీతలు తేలాయి. ఓబులేసుకు వచ్చిన రకమే. గడి మాత్రం ఖాళీగా ఉంది. ఫోన్ చేశాను.

"రమణమ్మక్కా, యాడ పండుకుంటాన్నావు?"

"ఇంట్లోనేమ్మా. వారం వారం వాళ్ల అల్ అహ్సా తోటకు పోతాం. ఆడ మాత్రం బయటే చాప."

"ఊరికి పోయి ఎన్నాళ్లయింది?"

"రెండేండ్లు దాటింది." ఆపైన ఆమే అడిగింది. "ఈ మాట ఆ సారే ఫోన్ చేసి అడుగుతానన్యాడు. ఎదురుసూస్తాండా. ఏడీ ఆయన?"

ముందు ఆమె చెప్పింది గడిలో రాశాను: అల్ అహ్సా, తోట, ఆరుబయట. కింద సంతకం చేశాను. ఆ తర్వాత చెప్పాను. ఇద్దరం ఏడ్చాం.

రమణమ్మ వైద్యం ఇక్కడే సాగుతోంది. గురుదేవా, నేను అర్పించగలిగిన అంజలి ఆ ఒక్క గడే. జన్యువులను చదవగలవారు ఎందరో వస్తారు. ఒక పనివాడి పడక ఎక్కడుందో తెలుసుకోవడానికి సెలవురోజు టాక్సీ ఎక్కే పండితుణ్ణి మాత్రం మేం పోగొట్టుకున్నాం. ఈ ఉదయం మరో మూడు శాంపిళ్లు వచ్చాయి. మూడింటి గడుల్లోనూ ఎవరో అప్పుడే దేశం పేరు రాసేశారు. కొట్టేసి, ఫోన్ పట్టుకుని ల్యాబంతా తిరుగుతున్నాను. ఎవరో కూర్చోమన్నారు. నాకు కూర్చోబుద్ధి కావడం లేదు.