నాకొక్కదానికే పేపరు కప్పు

ఛీ, ఇవాళ టీ అంటేనే అసహ్యం పుట్టింది. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది.

నా రక్తంలో ఏదో తేడా ఉందట. ఎవరికో గాని రాని జబ్బట, పేరు తేలడానికి ఇంకో పది రోజులు పడుతుందట. అంటుకునేది మాత్రం కాదని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందని ఆగిరిపల్లిలో మామిడికాయల షెడ్డుకి ఎప్పటిలాగే కాయలు ఏరడానికి వెళ్తున్నాను.

ఈ రోజు టీ వేళకి అందరికీ స్టీలు గ్లాసులు ఇచ్చి, నాకు పేపరు కప్పు ఇచ్చారు.

"ఇదేంటి మేస్త్రీ?" అన్నాను.

"ఏమనుకోకు మామ్మా, రిపోర్టు వచ్చేదాకానే," అన్నాడు మేస్త్రి తల గోక్కుంటూ.

"మచ్చున్న కాయని తొడిమ దగ్గర నొక్కి చూడకుండా కుళ్లు కాయల్లో పడేస్తే నన్ను తిడతావు కదరా! డాక్టరుకే తేలని జబ్బు నీకెలా తేలింది?"

నా చిన్నప్పుడు మా ఊరి హోటల్లో మా పేటవాళ్లకి వేరే గ్లాసు ఉండేది. మా అమ్మ అందులోనే తల దించుకుని తాగేది. ఆ రోజులు పోయాయనుకున్నాను.

మేస్త్రి చేతిలో గ్లాసు లాక్కుని, టీ మొత్తం తాగి, ఖాళీ గ్లాసు వాడి చేతిలోనే పెట్టాను.

రిపోర్టులో ఏమొస్తుందోనని నాకూ గుండె దడగానే ఉంది. అయినా రేపూ వెళ్తాను. స్టీలు గ్లాసు ఇస్తే సరి, లేకపోతే మళ్లీ మేస్త్రి గ్లాసే. మీరైతే ఏం చేసేవారో చెప్పండి.