బ్రేక్ మాఫీ

డెబ్బైల చివర్లో, చమురు డబ్బు దోహాను ముంచెత్తుతున్న రోజుల్లో, అల్ దోహా అల్ జదీదాలో ఓ కార్ల షోరూం వెలిగిపోతుండేది. అద్దాల వెనక అన్నీ అమెరికా కార్లే, ఒక్కొక్కటీ పెళ్ళిపందిరంత. రేవు నుంచి వాటిని తెచ్చేదీ, కొన్నవాళ్ళ ఇళ్ళకు చేర్చేదీ జలంధర్. జగిత్యాల పక్క పల్లెలో లారీ క్లీనరుగా మొదలై, బొంబాయి ఏజెంటు గుమ్మం అరిగేలా తిరిగి, చివరికి ఈ ఎడారిలో పడ్డాడు. నవ్వులాటకు అందరికన్నా ముందుండేవాడు. కోపమొస్తే మాత్రం మరిచే రకం కాదు.

మరవలేని కోపం బావ బుచ్చన్న వల్ల వచ్చింది. అక్క ముత్తవ్వ పోరు పడలేక బావకు వీసా సంపాదించింది జలంధరే. ఉమ్ సలాల్‌లో ఓ తోట యజమాని దగ్గర డ్రైవరు పని. ఆ యజమాని ఈ షోరూంలోనే కొన్న కారు కొత్త వాసనైనా పోకముందే తొక్కిన బ్రేకు మెత్తగా లోపలికి దిగిపోసాగింది. బుచ్చన్న దాన్ని షోరూం వర్క్‌షాపుకు తెచ్చాడు. యెమెన్ మెకానిక్ హుస్సేన్ కిందికి దూరి చూసి, "బ్రేక్ మాఫీ!" అని అరిచి టీకి వెళ్ళాడు.

అక్కడి అరబ్బీలో మాఫీ అంటే లేదని అర్థం. బుచ్చన్న ఆ దేశంలో దిగి వారమే అయింది. అతనెరిగిన మాఫీ ఒక్కటే, కరువొచ్చిన ఏడు సర్కారు చేసిన శిస్తు మాఫీ. బ్రేకు పని మాఫీ, ఇక చెయ్యాల్సిందేమీ లేదు పొమ్మంటున్నాడనుకున్నాడు. సలాం చెప్పి మరీ బండి తీశాడు. ఉమ్ సలాల్ దారిలో ముందు పోతున్న నీళ్ళ ట్యాంకరు ఆగింది. కారు ఆగలేదు. ఆసుపత్రిలో ఎడమ కాలు మోకాలి దాకా తీసేశారు.

షోరూం మేనేజరు సుధాకరరావు కాకినాడ మనిషి, ఇంజనీరింగు చదివినవాడు. "బ్రేకులు లేవని మా మెకానిక్ చెప్పాడు. విని కూడా నడిపాడు. తప్పు డ్రైవరుదే," అన్నాడు పోలీసుల ముందు. మాఫీ అన్న మాట తెలుగువాడి చెవికి ఎలా వినిపిస్తుందో జలంధర్ కాక ఆ షోరూంలో తెలిసినవాడు ఆయనొక్కడే. తెలిసే అన్నాడు!

ఇంకో సంగతి కూడా ఆయనకు తెలుసు. అది జలంధర్‌కు హుస్సేన్ చెప్పాడు. బ్రేకు పైపు చట్రానికి రాసుకోకుండా పట్టి ఉంచే చిన్న క్లిప్పు ఒకటుంటుంది. బండికి నాలుగు పైసలు మిగులుతాయని ఆ ఏడు మోడల్లో అమెరికా కంపెనీ దాన్ని ఎగరగొట్టింది. పైపులు అరిగి ఆయిల్ కారిపోతోందని ఇక్కణ్ణుంచి మొరపెట్టుకుంటే, అమ్మిన బండ్లను వెనక్కి పిలిచి బాగుచెయ్యడం కన్నా యాక్సిడెంట్లే చవక, కదిలించకండి అని జవాబొచ్చింది. సూట్లు తొడుక్కుని కూర్చుని మనుషుల కాళ్ళకు ఖరీదు కట్టే నీచులు! సుధాకరరావు కుక్కిన పేనులా ఊరుకున్నాడు. తాను మాత్రం జపాన్ కారులో తిరిగేవాడు.

బుచ్చన్నను ఉత్త చేతులతో విమానమెక్కించారు. జలంధర్ ఒకటే అనుకున్నాడు. తప్పు బావది కాదని సుధాకరరావు నోటితోనే అనిపించాలి, నలుగురిలో అనిపించాలి. అప్పటిదాకా పంటి బిగువున పని చేశాడు. సారు పిలిస్తే పరుగెత్తాడు, సారు జోకులకు నవ్వాడు.

ఆ రోజు రానే వచ్చింది. మదీనత్ ఖలీఫాలో విల్లాలు కడుతున్న ఓ ఖతరీ కాంట్రాక్టరు తన ఇంజనీర్లందరికీ కార్లు కొనడానికి పరివారంతో వచ్చాడు. ముందు ఒక బండి ఎక్కి చూస్తానన్నాడు. అదీ ఆ క్లిప్పు లేని మోడలే. జలంధర్ తలుపు తీసి, తాను ఎక్కకుండా తాళంచెవి సుధాకరరావు ముందు పెట్టాడు.

"మీరే నడుపుండ్రి సార్."

సుధాకరరావు నవ్వబోయాడు. "తమాషాలేంటయ్యా? ఎక్కు."

"క్లిప్పు లేదని మీకెరికే గద. నేను ఎక్క. తప్పు మా బావది గాదని జెప్పుండ్రి, ఎక్కుత."

"సరేనయ్యా, మీ బావది కాదు. చాలా? ఎక్కిక," అన్నాడు సుధాకరరావు గొంతు తగ్గించి.

"నాకు తెలుగుల జెప్తె ఏం ఫాయిదా? అరబ్బీల జెప్పు, గట్టిగ!"

గొడవేమిటని కాంట్రాక్టరు అడిగాడు. మేనేజరు ఈ బండి నడపడట, ఎందుకో అడగండని జలంధర్ వచ్చీరాని అరబ్బీలో చెప్పాడు. కాంట్రాక్టరుకు వినోదంగా తోచింది. "అయితే నువ్వే నడుపు, యల్లా," అన్నాడు మేనేజరుతో. సుధాకరరావు తాళంచెవి తీసుకున్నాడు. ముఖం పాలిపోయింది. సీటు వైపు చూశాడు, గుటకలు మింగాడు, మోకాలి నొప్పన్నాడు. మోకాలట! జలంధర్ ఒళ్ళు మండిపోయింది.

కాంట్రాక్టరు నవ్వడం మానేశాడు. ఒక్కొక్క ప్రశ్నే అడిగాడు. క్లిప్పు సంగతి బయటికొచ్చింది. ఒక డ్రైవరు కాలు పోయిన సంగతీ వచ్చింది.

"తప్పు ఆ డ్రైవరుదేనా?"

"కాదు," అన్నాడు సుధాకరరావు అరబ్బీలో, అందరూ వింటుండగా.

బేరం అక్కడికక్కడే చెడింది. వారం తిరక్కుండా జలంధర్ వీసా రద్దు చేసి పంపేశారు. పోతే పోయిందనుకున్నాడు. ఊరు చేరేదాకా ఆ పాలిపోయిన ముఖాన్ని తలుచుకుని తలుచుకుని మురిసిపోయాడు.

ఇంట్లో బుచ్చన్నకు విన్నకొద్దీ వినాలనిపించింది. "గుటకలు మింగిండంటివి గద, మల్లొక్కసారి చెప్పు బామ్మర్దీ," అని కళ్ళల్లో నీళ్ళు తిరిగేలా నవ్వాడు. ముత్తవ్వ బీడీలు చుడుతూ వింటోంది. ఆమెకు గల్ఫంతా దుబాయే.

"ఆ క్లిప్పు తీసేయించినోడు గుడ దుబాయ్‌లనే ఉంటడా తమ్మీ?"

"లేదక్కా. వాడు అమెరికాల ఉంటడు."

"మీ బావ కాలు పోయినట్టు వానికెరికేనా?"

"బావ అనేటోడు ఉన్నట్టే వానికెరిక లేదు."

ముత్తవ్వ బీడీల చాట పక్కకు పెట్టింది. "అమెరికాకు వీసా ఎవరిస్తరు?"

జలంధర్‌కు నవ్వొచ్చింది.

"నవ్వకు," అంది ముత్తవ్వ. "రేపు పొయ్యి మీ ఏజెంటును అడుగు."