దశరథ షావుకారు దగ్గు

సూర్యాపేటలో దశరథ షావుకారును మెచ్చుకోని మనిషి లేడు. నేను మెచ్చుకోను. ఏడేళ్లు ఆయన ఇంట్లో కిరాయికి ఉన్నాను కాబట్టి ఆ హక్కు నాకుంది.

మాది కోదాడ. 1961లో ఆడపిల్లల బడికి టీచరుగా వచ్చి, షావుకారు రైస్‌మిల్లును ఆనుకొని ఉన్న ఆయన ఇంట్లోనే ఒక గది తీసుకున్నాను. సామాను ఇంకా సర్దుకోకముందే నలుగురు వచ్చి నాకు ఒకే మాట చెప్పారు. "అదృష్టవంతురాలివి పంతులమ్మా. ఆ ఆలుమొగలను సూసి నేర్సుకోవాలె. మాట్లాడుకునే పనే లేదు వాళ్లకు." కొత్తగా పెళ్లయిన జంటలను తీసుకొచ్చి మరీ ఆ దంపతుల కాళ్లకు మొక్కించేవాళ్లు. ఆయన కళ్లు మూసుకొని మొక్కించుకునేవాడు.

షావుకారు మూగవాడేమీ కాదు. వడ్ల బేరం దగ్గర నోరు బ్రహ్మాండంగా తిరుగుతుంది. ఇంట్లో మాత్రం దగ్గుతాడు. వసారాలో మెత్త మీద కూర్చుని ఒక్కసారి పొడిగా దగ్గితే మంచినీళ్లు. రెండుసార్లు దగ్గితే అన్నం. గొంతు సవరించుకుని గట్టిగా దగ్గితే, ఎవరో వచ్చారు, చాయ తెమ్మని. దగ్గిన నిమిషానికల్లా ఆయన భార్య లీలావతి అడిగింది పట్టుకొని వచ్చేది, పెట్టేది, తలవంచుకొని వెళ్లిపోయేది. ఆయన ఆమె మొహం చూడడు. గ్లాసు చూస్తాడు.

దీన్ని ఊరు అన్యోన్యం అంది. పిలిస్తే పలికే కుక్కను పెంచుకున్నా దాన్ని పేరు పెట్టి పిలుస్తారు కదా అని నాకనిపించేది. పైకి అనలేదు. కిరాయిదారును.

వాళ్లకు పిల్లల్లేరు. పెళ్లయిన పదేళ్లకు పెద్దలు వచ్చి ఇంకో పెళ్లి చేసుకొమ్మన్నారట. షావుకారు ఏమీ అనలేదట. కాసేపు చూసి పెద్దలు లేచిపోయారు. భార్య మీద అంత ప్రేమ అని ఊరు ఇప్పటికీ కథగా చెప్పుకుంటుంది. ప్రేమా లేదు, పాడూ లేదు. అవుననడానికీ కాదనడానికీ బద్ధకించాడు, అంతే. కాదని ఆయన నోటితో అనలేదు కాబట్టి, ఎప్పుడు ఇంకొకతె గడప తొక్కుతుందోనని లీలావతి ఏళ్ల తరబడి బిక్కుబిక్కుమంటూ బతికింది.

ఆమెను నేను గర్విష్టి అనుకున్నాను. పలకరిస్తే నవ్వి తల ఊపుతుంది. "ఏం కూర చేశారు" అని అడిగినా నవ్వి తల ఊపుతుంది. మిర్యాలగూడలో పెద్ద వర్తకుల ఇంటి పిల్ల, పంతులమ్మతో మాట్లాడితే పరువు తక్కువ కాబోలని నేనూ మానేశాను. ఒకే బావిలో మూడేళ్లు నీళ్లు తోడుకున్నాం. ఆమె గొంతు ఎలా ఉంటుందో నాకు తెలియదు.

ఒక ఎండాకాలం ఆదివారం, ఇంజను చెడిపోయి మిల్లు ఆగిపోయింది. బావి దగ్గర నా చేయి జారి నిండు బిందె రాతిగట్టు మీద పడింది. ఆ చప్పుడుకు మిల్లు ముందు కల్లంలో ఆరబోసిన వడ్లు తింటున్న పావురాలన్నీ లేచిపోయాయి. నాలుగడుగుల దూరంలో అటు తిరిగి బట్టలు పిండుతున్న లీలావతి పిండుతూనే ఉంది. ఉలిక్కిపడలేదు, వెనక్కి చూడలేదు. నీళ్లు కాళ్ల కిందికి వచ్చాక తిరిగి, నన్ను చూసి ఎప్పటిలాగే నవ్వింది.

కల్లంలో వడ్లు ఎండేలా తిరగేసి నెరుపుతున్న రుక్మాబాయి ఇదంతా చూసింది. ఊరి బయట తండా నుంచి వచ్చి మిల్లులో పని చేసే లంబాడీ ఆమె. గబగబా వచ్చి నా మోచేయి పట్టుకుని పక్కకు లాగింది.

"ఎవలకు సెప్పకు పంతులమ్మా. ఇసజొరమొచ్చి రెండు సెవులు వొయినయ్. నువ్వు రాకముందుకెళ్లే. సేటుకు తెల్సిందంటే మిర్యాలగూడకు అన్న ఇంటికి తోలి ఇంకొకదాన్ని తెస్తడు. గీ ఇల్లు దప్ప ఆమెకేమున్నది?"

"మరి ఆయన దగ్గితే ఆమెకు ఎలా వినపడుతుంది?" అని అడిగాను.

"ఆమెకెందుకు ఇనపడాలె? నాకు గనపడ్తది గద."

అప్పుడు చూపించింది. ఇంజను రొదలో మిల్లు ఆడవాళ్లకు మాట వినపడదు. వాళ్లు రోజంతా చేతులతోనే మాట్లాడుకుంటారు. ఆ ఇంటి వసారా, వంటింటి కిటికీ రెండూ కల్లం వైపే ఉన్నాయి. రుక్మాబాయి వడ్లు నెరుపుతూ వసారాలో షావుకారు భుజాలను కనిపెట్టి ఉంటుంది. భుజం ఒకసారి ఎగిరితే బొటనవేలు నోటికి పెడుతుంది. రెండుసార్లు ఎగిరితే ఐదువేళ్లు ముడుస్తుంది. వచ్చినవాళ్లు ఎందరో అన్ని వేళ్లు చూపిస్తుంది. కిటికీలోంచి లీలావతి అది చూసి గ్లాసో కంచమో అందుకుంటుంది. ఊరంతా కాళ్లకు మొక్కిన ఆ దాంపత్యాన్ని నడిపింది వడ్లు నెరిపే కూలి మనిషి.

ఆ తర్వాత నాకు చాలా కనపడింది. పని తెరిపిచ్చినప్పుడు రుక్మాబాయి కల్లంలో నిలబడి చేతులతోనే తండా కబుర్లన్నీ చెప్పేది. షావుకారు నడక నడిచి చూపించేది. కిటికీలో లీలావతి చెంగు నోట్లో కుక్కుకొని నవ్వేది. మధ్యాహ్నం వేడి రొట్టెలో మామిడి తొక్కు పెట్టి కిటికీలోంచి అందించేది. మాట్లాడితే గొంతు ఎంత పెరుగుతుందో తనకు తెలియదు, ఎక్కడ బయటపడుతుందోనని ఆమె మాటే మానుకుంది.

నేనేం చేశాను? రహస్యం దాచాను. హైదరాబాదులో మంచి డాక్టరుకు చూపించాలి అనుకున్నాను. అనుకోవడం నాకు బాగా వచ్చు. రుక్మాబాయి దగ్గర కూర్చుని నాలుగు సైగలు నేర్చుకుంటే నేనూ ఆ కిటికీ దగ్గర నిలబడి మాట్లాడేదాన్ని. చదువుకున్నదాన్ని, నామోషీ అనిపించింది. షావుకారును తిట్టే ముందు ఈ ముక్క కూడా చెప్పుకోవాలి.

1968 చలికాలంలో షావుకారు కళ్లజోడు మార్చాడు. దూరం కనపడసాగింది. మొదట కనపడింది రుక్మాబాయి చెయ్యి. పని మానేసి రోజంతా చేతులు ఊపుకుంటూ నిలబడే మనిషికి కూలి ఎందుకనుకున్నాడు. ఇంజను డ్రైవరు జానయ్యను పిలిచి, ఆమెను వేలితో చూపించి, అదే వేలితో గేటు చూపించాడు. పదకొండేళ్లు పని చేసిన మనిషిని గెంటేయడానికి కూడా ఆయన నోరు కదల్లేదు.

మూడు రోజులు లీలావతి గడియారాన్ని నమ్ముకొని నెట్టుకొచ్చింది. వేళకు అన్నం, గంటకోసారి అడగకుండానే నీళ్లు. చుట్టాలకు, బేరగాళ్లకు మాత్రం వేళ ఉండదు. నాలుగో రోజు కోదాడ నుంచి నర్సింగరావు అనే బియ్యం వ్యాపారి వచ్చాడు. షావుకారు గొంతు సవరించి దగ్గాడు. చాయ రాలేదు. మళ్లీ దగ్గాడు. ఇంకోసారి దగ్గాడు.

"జలుబు బాగా పట్టినట్టుందండీ," అన్నాడు నర్సింగరావు. "మిరియాల కషాయం తాగండి. రెండు పూటల్లో పోద్ది."

నా గదిలో నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. షావుకారు లేచి వంటింట్లోకి నడిచాడు. లీలావతి గుమ్మానికి వీపు పెట్టి చాటలో బియ్యం ఏరుతోంది. వెనక నిలబడి దగ్గాడు. ఐదారుసార్లు దగ్గి దగ్గి ఆఖరికి నిజంగానే పొలమారింది. గూట్లో గ్లాసు తీసి నేల మీద పడేశాడు. ఆమె రాళ్లు ఏరుతూనే ఉంది. గ్లాసు దొర్లి దొర్లి ఆమె మోకాలికి తగిలాక తిరిగి చూసింది. ముందు గ్లాసును, తర్వాత ఆయనను. ఇన్నేళ్లు ఆమె దేనికి భయపడిందో అది ఎదురుగా నిలబడి ఉంది.

మర్నాడు పొద్దున్నే రిక్షా వచ్చింది. జానయ్య ఆమె పెట్టె ఎత్తి అందులో పెట్టాడు. ఆమె గడప పట్టుకొని నిలబడింది. ఏడ్చింది, చప్పుడు కాకుండా. షావుకారు వసారాలో పేపరు చదువుతున్నాడు, తల ఎత్తలేదు. నేను నా గుమ్మంలో నిలబడి చూశాను. బడిలో నలభై మంది పిల్లలకు వినపడేలా పాఠం చెప్పేదాన్ని, రిక్షా కదలగానే లోపలికి పోయి తలుపేసుకున్నాను.

"పాపం, ఇన్నేళ్లు చెవిటి పెండ్లాంతోని ఎట్ల ఏగిండో" అని ఆ సాయంత్రానికే ఊరు జాలి పడింది, ఆయన మీద. కాళ్లకు మొక్కినవాళ్లే.

వంటకు ఒకావిడను కుదిర్చారు. దగ్గితే ఆమె తులసాకులు తెచ్చిచ్చింది. కోపం వచ్చి ఇంకా గట్టిగా దగ్గాడు. తేనె తెచ్చిచ్చింది. వారానికల్లా ఆమె, ఆ ఇంట్లో ఆయనకు టీబీ ఉన్నదని బజారంతా చెప్పి పని మానేసింది. ఇంకొకామె రానంది. బేరానికి వచ్చినవాళ్లు వసారా మెట్ల కిందనే నిలబడి, తువ్వాలు ముక్కుకు పెట్టుకుని మాట్లాడి పోయేవాళ్లు. ఇంకో పెళ్లి మాట ఎత్తబోయిన పెద్దలు కూడా చల్లగా జారుకున్నారు. టీబీ ఉన్నాయనకు పిల్లనెవరిస్తారు? నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పడానికి సిగ్గు పడను.

రెండు నెలలు సత్రం కూడు తిన్నాక, ఆయన ఒక ఆదివారం నా గుమ్మం దగ్గరికి వచ్చి దగ్గాడు. నేను కదల్లేదు. పక్కనున్న జానయ్య చెప్పాడు. "అమ్మను తోల్కరావాలెనంటున్నడు. అమ్మకు సైగ జేసేది రుక్మాబాయేనని నేనే జెప్పిన. జర నువ్వు గూడ తండాకు రా పంతులమ్మా. ఈయనకు అడగరాదు."

తండాలో రుక్మాబాయి గుడిసె ముందు పిడకలు తిరగేస్తోంది. షావుకారు నిలబడి దగ్గాడు.

"దగ్గుకు నా తాన మందు లేదు సేటు," అంది ఆమె. "నోటితోని సెప్పు."

ఆయన నావైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను.

"రావాలె," అన్నాడు చివరికి.

"యాడికి?"

"మిర్యాలగూడ."

"గాడ నాకేం పని?"

"ఆమెకు చెప్పాలె. రమ్మని."

"ఆమె అంటే ఎవలు? ఆమెకు పేరు లేదా?"

చుట్టూ తండా ఆడవాళ్లు చేరారు. షావుకారు చెవులు ఎర్రబడ్డాయి. పెళ్లాం పేరు పలకని మొగవాళ్లు మాలో కొల్లలు, కానీ ఇరవై మూడేళ్లలో ఒక్కసారి కూడా నాలుక మీదికి రాని పేరు అంత తేలిగ్గా రాదు. "లీలావతి" అన్నాడు, ఎవరి మీదో ఫిర్యాదు చెప్పినట్టు.

"పంతులమ్మ సుత వస్తె వస్త," అంది రుక్మాబాయి, చేతులు కడుక్కుంటూ.

బస్సులో ఆయన ముందు సీట్లో, మేమిద్దరం వెనక. దారి పొడుగునా రుక్మాబాయి నాకు సైగలు నేర్పింది. నాలుగేళ్ల ఆలస్యం.

లీలావతి అన్నగారి ఇంటికి చేరేసరికి వాకిట్లో పెద్ద గొడవ జరుగుతోంది. వదిన అన్నపూర్ణ గోనెపట్టా మీద ఆరబోసిన మిరపకాయల వైపు చేయి చాపి అరుస్తోంది. "నీడల ఎవలన్న ఎండవోస్తరా? నీతోని నేను ఏగలేను."

"పొద్దుగాల గీడ ఎండనే ఉండె," అని ఇంకో గొంతు అంతకు రెట్టింపు అరిచింది. "పొద్దు తిరిగితె నేనేం జెయ్యాలె? నీకు కండ్లు లేవా?"

బొంగురు గొంతు. ఎక్కడ హెచ్చాలో ఎక్కడ తగ్గాలో తెలియని గొంతు. అది లీలావతిదని తెలుసుకోవడానికి నాకు కాస్త సమయం పట్టింది. గోడ అవతల ఏడేళ్లున్న మనిషిది.

అన్న ఇల్లేమీ స్వర్గం కాదు. చాకిరీ ఉంది, మాటలు పడటం ఉంది. కానీ అన్నపూర్ణకు మొహంలో మొహం పెట్టి తిట్టే అలవాటు. తిట్టించుకుంటూనే లీలావతి ఆ పెదవులు చూసి మాట పట్టడం నేర్చుకుంది. నేర్చుకొని, తిరిగి తిట్టడం మొదలుపెట్టింది. వదినకు కోపమే, కానీ రోజూ పొద్దున్నే పోట్లాడటానికి ఒక మనిషి దొరికింది ఆమెకు కూడా.

షావుకారు గేటు దగ్గర నిలబడి దగ్గాడు. అన్నపూర్ణ ఇటు చూసింది. ఆమె చూపు వెంట లీలావతి తిరిగింది. రుక్మాబాయిని చూసి పరుగున వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. కాసేపు ఆ ఇద్దరి వేళ్లు మాట్లాడుకున్నాయి, నాకు సగం అర్థమైంది. తర్వాత రుక్మాబాయి షావుకారును చూపించి, రమ్మంటున్నాడని చెప్పింది.

లీలావతి ఆయనను తేరిపార చూసింది.

"నా మొఖం సూసుకుంట నోటితోని అడగుమను," అంది రుక్మాబాయితో, వీధి చివరిదాకా వినపడేలా. "నాకు తెలుస్తది."

ఆయన రెండడుగులు ముందుకు వేశాడు. భార్య మొహం చూశాడు. నోరు తెరిచాడు. ఆ మనిషంటే నాకు ఎంత అసహ్యమో ఇంతసేపూ చెప్పాను. అయినా ఆ క్షణంలో, రా అను, ఒక్క అక్షరం, అనవయ్యా అని లోపల మొక్కుకున్నాను. ఆమె కళ్లు ఆయన పెదవుల మీదే ఉన్నాయి. పెదవులు వణికాయి. గడ్డం కదిలింది. భుజాలు ఎగిరాయి. దగ్గు వచ్చింది.

లీలావతి ఇంకాసేపు ఆగింది. ఆ తర్వాత కుడి అరచేయి చాపి అడ్డంగా ఒక్కసారి ఊపింది. ఇంజను ఆపేయమని మిల్లులో ఆడవాళ్లు చేసే సైగ అది. ఊపి, వెనక్కి వెళ్లి మిరపకాయల గోనెపట్టా ఒక కొస పట్టుకుంది. రెండో కొస అన్నపూర్ణ పట్టుకుంది. ఇద్దరూ దాన్ని ఎండలోకి లాగారు.

ఆ చేతికి అర్థం చెప్పబోయి రుక్మాబాయి నోరు తెరిచింది.

"తెల్సింది," అన్నాడు షావుకారు.