బాబాయి వచ్చిన రోజు దూడ మాంసం

మా చిన్నప్పుడు... పరాయి దేశంలో మేముండే అత్లోన్ అనే ఊళ్ళో నది పక్కన ఇటాలియన్ రెస్టారెంటులో, నాన్న మెనూ తెరవకుండానే "దూడ మాంసం ఉందా?" అని అడిగేవాడు. బాబాయి ఇంటికి తిరిగొచ్చిన రోజు మాత్రమే.

బాబాయి అంటే నాన్న తమ్ముడు. మాతోనే ఉండేవాడు. ఫ్రిజ్‌లో బీరు పెట్టాడని నాన్న ఇంటి తాళంచెవి లాక్కున్నాడు... బాబాయి గాల్వే అనే ఊరికి వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చి తలుపు కొట్టాడు.

నాన్నకు బైబిలు వాక్యమంటే అక్షరాలా వాక్యమే. అందులో దూరదేశం పోయి తిరిగొచ్చిన కొడుక్కి తండ్రి కొవ్విన దూడను వండించాడు కదా! అమ్మ కోడికూర చేస్తానంటే, "కోడి అని రాసుందా అక్కడ?" అన్నాడు. ఊళ్ళో మాంసం కొట్టులో దూడ లేదు. ఇటాలియన్ వాళ్ళు వండుతారని ఎవరో చెప్పారు. అమ్మ ఆసుపత్రి డ్యూటీ దిగి రాగానే బయల్దేరాం.

మొదటిసారి... పల్చగా దంచి, బ్రెడ్డు పొడి అద్ది వేయించిన ముక్క, పక్కన నిమ్మచెక్క. అమ్మ హ్యాండ్‌బ్యాగులోంచి వెల్లుల్లి కారం పొట్లం తీసింది.

"వదినా, వండినోడు చూస్తే ఏడుస్తాడు."

"ఏడవనీ. ఈ చప్పిడి తిండికి నేనే ఏడవాలి."

నాన్న పళ్ళు కనపడేలా నవ్వాడు. ఆ నవ్వు కోసమే బాబాయి మళ్ళీ మళ్ళీ వెళ్ళిపోయి రావాలని కోరుకునేదాన్ని... రెండోసారి ఎముకతో ఉడికించిన కాలి ముక్క. అందులో మూలగ బాబాయి తన చెంచాతో తీసి నా కంచంలో వేశాడు.

మూడోసారికి నాకు పదకొండేళ్ళు. చర్చిలో కంఠత వాక్యాల పోటీలో మొదటి బహుమతి నాదే. కళ్ళు నెత్తిమీద ఉన్నాయి! మా ఇంట్లో భోజనానికి ముందు పిల్లలు ఒక వాక్యం చెప్పాలి, పెద్దలు ఆమేన్ అనాలి. ఆ తర్వాతే ముద్ద.

ఆ రోజు బాబాయి ముందు ఎర్రటి వైన్ గ్లాసు వచ్చింది. నాన్న ముఖం మాడింది.

"నువ్వు తెప్పించిన మాంసం కూడా వైన్‌లోనే వండారు అన్నయ్యా. తింటే పుణ్యం, తాగితే పాపమా?"

నాన్న కోపం మింగాడు. తమ్ముడు మళ్ళీ పోకూడదు, అంతే. నా వైపు తిరిగి "తల్లీ, వాక్యం చెప్పు" అని కళ్ళు మూసుకున్నాడు.

ప్రేమ మీద వాక్యాలు నాకు వచ్చు. క్షమాపణ మీద వచ్చు... నేను ఆ గ్లాసు వైపు చూస్తూ, తాగుబోతుల గతి చెప్పే వాక్యం ఎత్తుకున్నాను. గొంతు చించుకుని, చివరిదాకా.

"ఆమేన్" అన్నాడు నాన్న. కళ్ళు తెరవకుండానే.

"నేర్పించి తెచ్చావా అన్నయ్యా?"

నాన్న కళ్ళు తెరిచాడు. నా వైపు చూశాడు. బాబాయి కోటు తొడుక్కుని, నా తల నిమిరి, "బాగా చెప్పావు పాస్టరమ్మా" అని వెళ్ళిపోయాడు. వడ్డించే అమ్మాయి వచ్చి "ఎవ్రీథింగ్ గ్రాండ్?" అని, అంతా బావుందా అన్నట్టు, అడిగింది. నాలుగు కంచాలూ అలాగే ఉన్నాయి.

బాబాయి మళ్ళీ రాలేదు.

తర్వాతి ఆదివారం కూడికలో ఆ సంగతి విని ఆంటీలు నన్ను ముద్దులాడారు... "ఈ పిల్ల నోట దేవుడున్నాడు!" అబద్ధం! నా నోట ఉన్నది గర్వం. ఆ మెప్పు తిని పెరిగాను. బైబిలు కాలేజీ గడప తొక్కకుండానే ఇల్లిల్లూ తిరిగి ప్రసంగాలు చేశాను. ఎంతమంది చేతిలో ముద్ద నా నోటివల్ల కిందపడిందో ఆ ప్రభువుకే తెలుసు.

ఇప్పుడు అదే దేశంలో బాలింకాలిగ్ అనే ఊళ్ళో ఉంటున్నాను. ఫోన్‌లో నొక్కితే దూడ మాంసం గుమ్మంలోకి వస్తుంది. మా పిల్లలు టీవీ చూస్తూ తినేస్తారు. ఎవరు తిరిగొచ్చారని తింటున్నామో అడగరు... ఎవరూ రాలేదు కాబట్టి నేనూ చెప్పను.

నాన్న మా ఇంటికొస్తాడు. బల్ల దగ్గర తల వంచుతాడు. అందరం ఆమేన్ అంటాం. ఆయన అనడు. ఆ రోజు నుంచీ అనలేదు.

బాబాయ్... ఇది నీదాకా వస్తే, ఆ మాట నాది. నాన్న నేర్పలేదు. ఆయన ఆమేన్ అన్నది అలవాటుకొద్దీ.

మీ బల్ల దగ్గర ఖాళీ కుర్చీ ఎవరి మాటకు ఖాళీ అయిందో మీరూ రాయండి... నాది నేను రాశాను.