ఫార్కర్ మన్రో కిల్ట్ ఎందుకు కట్టాడు

నలభై ఒక్క ఏళ్ళు మగవాళ్ళకు కిల్టులు, అంటే మోకాళ్ళ దాకా వచ్చే కుచ్చిళ్ళ పావడాలు, కుట్టాను. ఎనిమిది గజాల గళ్ళ ఉన్ని గుడ్డ, ఇరవై ఏడు కుచ్చిళ్ళు, అంతా చేతి కుట్టు. మిషను మీద కుట్టినదాన్ని నేను కిల్ట్ అనను. ఏమంటానో ఇక్కడ రాస్తే బాగుండదు.

మగవాళ్ళు కిల్ట్ ఎందుకు కట్టుకుంటారో నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఈ లోయలో లేరు. పెళ్ళి ఉందని ఒకడొస్తాడు. తాత పటాలంలో చేశాడని ఒకడొస్తాడు. పిక్కలు బాగుంటాయని పెళ్ళాం అంటే నమ్మేసి ఒకడొస్తాడు. పొట్ట పెరిగాక ప్యాంటులో కంటే ఇందులోనే కాస్త మనిషిలా కనిపిస్తామని కనిపెట్టి, ఆ మాట దాచి, వంశమనీ గౌరవమనీ నసిగేవాళ్ళు సగం మంది. ఫార్కర్ మన్రో ఎందుకు కట్టాడో మాత్రం పదకొండు నెలలపాటు అతని భార్య ఇష్బెల్‌కూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. అతను పోయి రెండేళ్ళయింది. రాయమని ఇష్బెల్ అడిగింది.

ఫార్కర్ మా పక్కింటి పిల్లవాడు, నాకంటే పదేళ్ళు చిన్న. పదిహేనో ఏట కొండ మీద చెట్లు కొట్టే పనిలో చేరి, ముప్పై ఆరేళ్ళు అదే పని చేశాడు. మోకాళ్ళ దగ్గర అతుకులు వేసిన ప్యాంటు, నడుముకు వెడల్పాటి బెల్టు, నోట్లో చుట్ట. కిల్టంటే అతనికి పడేది కాదు. మా ఇంటి గుమ్మంలోంచి కొత్త కిల్టుతో ఎవడు బయటికొచ్చినా గోడ మీద నుంచి, "ఏరా, బిస్కెట్ డబ్బా మీద బొమ్మ దిగిందా?" అనేవాడు. టూరిస్టులకు అమ్మే బిస్కెట్ డబ్బాల మీద ఉండేది కిల్ట్ కట్టినవాడి బొమ్మే. తన పెళ్ళి ప్యాంటులో చేసుకున్నాడు. తండ్రి శవపేటికను ప్యాంటులోనే మోశాడు.

యాభై ఒకటో ఏట పేగులో పుట్టకూడనిది పుట్టింది. పెద్దాసుపత్రిలో పొట్ట కోసి, చెడిన పేగు తీసేసి, ఎడమ పక్కన బొడ్డు కింద రంధ్రం పెట్టి, దానికి సంచి అతికించి పంపారు. మలమంతా ఇక చచ్చేదాకా ఆ సంచిలోకే. కడుపులో పుండని ఊరికి చెప్పుకున్నారు.

ఏప్రిల్‌లో ఒక పొద్దున నా వంటింట్లోకి వచ్చి నిలబడ్డాడు. చొక్కా బయటికి వదిలేసి, దాని మీద కోటు బిగించుకున్నాడు. మనిషి సగమయ్యాడు.

"ఒక కిల్ట్ కుట్టాలి, ఎఫీ అక్కా."

"ఎవరికి?"

"నాకే."

"బిస్కెట్లు ఎక్కడ పెడతావు మరి?" అన్నాను. అతను నవ్వలేదు. నేల మీద గుడ్డ పరిచి మోకాళ్ళ మీద కూర్చోమన్నాను. కిల్ట్ పొడవు అలాగే కొలుస్తాం, అంచు నేలను తాకీ తాకకుండా ఉండాలి. ఒక చేత్తో నా బల్ల పట్టుకుని వంగాడు. నడుము కొలిచి, టేపు తుంటి దగ్గరికి దించబోతుంటే నా చెయ్యి పట్టుకున్నాడు.

"అక్కడొద్దు."

"కొలవకుండా ఎలా కుట్టనురా?"

అతను గోడ వైపు చూస్తూ చొక్కా పైకెత్తాడు. చూశాను. చూడగానే టేపు మళ్ళీ నడుము మీద పెట్టి మొదటి నుంచి కొలిచాను. ఏదో ఒకటి చెయ్యాలి కదా.

ప్యాంటు నడుము సరిగ్గా ఆ రంధ్రం మీదే పడుతోందట. బెల్టు మానేసి భుజాల పట్టీలు వేసినా గుడ్డ బిగిసి సంచి ఉబ్బు కనిపిస్తోందట. రెండుసార్లు దుకాణంలో నిలబడి ఉండగానే ఊడిందట. కిల్ట్ బొడ్డుకు పైన కట్టుకునేది. కింద ఖాళీ ఉంటుంది, ముందు వేలాడే తోలు సంచి అడ్డంగా ఉంటుంది. ఇదంతా అతను మంచంలో పడుకుని ఆలోచించుకున్నాడు.

"ఊరంతా నవ్వుతుంది. నువ్వు అందరినీ అన్నవి అన్నీ తిప్పి అంటారు," అన్నాను.

"అననీ. నవ్వితే పడతాను. ఫార్కర్‌కి పాపం ఇలా అయిందట అని ఒక్కళ్ళు తల ఊపినా నేను బతకను. నువ్వు ఎవరికీ చెప్పకూడదు. నీ చెల్లెలికి అసలు చెప్పకూడదు."

మాటిచ్చాను. నేను మాటిస్తే రాయి మీద చెక్కినట్టే, ఈ లోయలో అందరికీ తెలుసు. అది నా పొగరు.

తుంటి దగ్గర కిల్ట్‌ను బిగించే తోలు పట్టీ తీసేశాను. ముందు వైపు ఒకదాని మీద ఒకటి పడే రెండు పొరల్లో లోపలిదాన్ని ఎడమ పక్క వదులు చేసి, సంచి మార్చుకోవడానికి చెయ్యి దూరేంత చీలిక పెట్టి దాని అంచులు కుట్టాను. నేను కుట్టినవాటన్నిటిలో మంచిది అదే. బయటి నుంచి చూస్తే ఏ తేడా కనిపించదు.

ఇక ఫార్కర్ రోజూ అదే కట్టాడు. కట్టెలకు, పోస్టాఫీసుకు, చర్చికి, సారాకొట్టుకు. ఊరు ఊరుకుంటుందా? "జమీందారుగారు వేంచేశారు" అన్నారు. ఫోటోలకు నిలబడి టూరిస్టుల దగ్గర డబ్బులు దండుకుంటున్నాడన్నారు. ఓట్లకు నిలబడతాడన్నారు. అతను అన్నిటికీ చుట్ట కొరుక్కుంటూ, "గాలి బాగా ఆడుతోంది, నువ్వూ కట్టు" అనేవాడు. అతని ఒంటికి కాస్త కండ కూడా పట్టింది. ఆ వేసవిలో అతను నవ్వుతుంటే విన్నాను.

మార్చిలో అతని మేనకోడలి పెళ్ళయింది. ఊరి హాలులో విందు. మా చెల్లెలు డోలీనాను నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. దానికి తుంటి సరిగా లేదు, చేతికర్ర లేకుండా నడవదు. నోటికి మాత్రం ఏ కర్రా అక్కర్లేదు. దారిలోనే అంది, "ఇవాళ ఫార్కర్ కిల్ట్ కింద ఏముందో తేల్చేస్తానే. ఏడాది నుంచీ ఊపుకుంటూ తిరుగుతున్నాడు."

కిల్ట్ కట్టిన ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు పడే హాస్యమే అది, లోపల చెడ్డీ వేసుకోరని పేరు కదా. కింద ఏముందని అడగని ఆడది ఈ దేశంలో లేదు. ఒకటి రెండు గ్లాసులు పడ్డాక ఎత్తి చూసేవాళ్ళకూ కొదవ లేదు. వయసులో నేనూ ఎత్తాను. నేను అన్నదల్లా ఒక్కటే, "సిగ్గుండాలే, ముసలిదానివి."

దానికి అంతకంటే చెప్పలేదు.

ఫార్కర్ గోడవారనే కూర్చున్నాడు. పెళ్ళికూతురే వచ్చి, "మామయ్యా, ఒక్క ఆట," అని చెయ్యి పట్టి లాగింది. లేచాడు. ఆడేటప్పుడు కొట్టుకోకుండా ముందున్న తోలు సంచిని మగవాళ్ళంతా తుంటి మీదికి జరుపుకుంటారు. అందరినీ చూసి అతనూ జరిపాడు. రెండు చుట్లు తిరిగి మా కుర్చీల ముందుకు వచ్చేసరికి డోలీనా చేతికర్ర చాచి, వంకీతో కిల్ట్ ముందు భాగం పట్టి పైకి ఎత్తింది.

పొత్తికడుపు దాకా లేచింది. ఒంటికి అతికించిన సంచి సగం నిండి ఉంది.

అరవై మంది చూశారు. దూరంగా ఉన్నవాడెవడో సరిగా కనపడక, సారా తిత్తి అనుకుని, "సొంత సరుకు తెచ్చుకున్నాడ్రోయ్," అన్నాడు, కొందరు నవ్వారు కూడా. అకార్డియన్ ఇంకాసేపు మోగి ఆగింది. ఫార్కర్ కర్రను వంకీ దగ్గర పట్టుకుని మెల్లగా దించి, డోలీనా ఒళ్ళో పెట్టాడు. కోటు తీసుకున్నాడు. వెళ్ళేటప్పుడు నా వైపు ఒక్కసారి చూశాడు.

నేను చెప్పేశాననుకున్నాడేమోనని నాలుగు రోజులు అతని తలుపు దగ్గరికి పోలేదు. ఐదో రోజు వెళ్ళి తలుపు కొట్టాను. తనే తీశాడు, పాత స్నానపు గౌనులో ఉన్నాడు.

"నేను చెప్పలేదు, ఫార్కర్. దేవుడి సాక్షి, ఒక్కళ్ళకీ చెప్పలేదు."

"తెలుసక్కా."

"మరి అలా చూశావేం?"

"డోలీనాకి తెలిసుంటే ఎత్తేదా?"

శాలువా లాక్కుని ఒక మెట్టు దిగాను.

"మాట తీసుకున్నది నేనే. నీ తప్పేం లేదు. చలిగా ఉంది, వెళ్ళు," అని తలుపు వేసుకున్నాడు.

ఆ తరువాత అతను వాకిలి దాటలేదు. ఊరు రొట్టెలు చేసి పంపింది, సూప్ పంపింది, చర్చిలో పేరు చెప్పి ప్రార్థన చేసింది. ఏది వద్దని కిల్ట్ కట్టుకున్నాడో అదే గిన్నెల్లో పెట్టి గుమ్మానికి చేర్చారు. ఇష్బెల్ అన్నీ తీసుకుని, కడిగిన గిన్నెలు తిరిగిచ్చేది. ఆరు నెలలకు ఆ జబ్బే మళ్ళీ కాలేయంలో తేలింది. డిసెంబరులో పోయాడు.

"ఆ కిల్ట్ కుట్టింది మీ అక్కే, తనకి తెలిసే ఉంటుంది కదా," అని ఎవరో డోలీనాతో అన్నారు. అది వచ్చి నా వంటింట్లో కూర్చుని అడిగింది.

"నీకు తెలుసా?"

"తెలుసు."

"దారిలో నేను ఆ మాట అన్నప్పుడూ తెలుసా?"

"తెలుసు."

"ఒక్క ముక్క చెప్పి ఉంటే, ఎఫీ."

"మాటిచ్చాను."

"నీ మాట," అంది. టీ తాగకుండానే లేచి వెళ్ళింది. పక్క వీధే అయినా మళ్ళీ నా గడప తొక్కలేదు, ఆదివారాలు నేనే వెళుతున్నాను. తలుపు తీస్తుంది, కూర్చోమంటుంది, వాతావరణం గురించి మాట్లాడుతుంది.

ఇది రాస్తున్నానని తెలిసి, తన పేరు పెట్టొద్దని కబురు పంపింది. పెట్టాను. నా పేరూ పెట్టాను.