బ్రేకు మాస్టారి కుడికాలు

కొందరు నిద్రలో కలవరిస్తారు. మన మాస్టారు నిద్రలో బ్రేకు వేస్తారు. డ్రైవింగ్ స్కూలు కారుకి రెండు బ్రేకులుంటాయి కదా, ఒకటి నేర్చుకునేవాళ్ళకి, రెండోది ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పక్కన కూర్చునే మాస్టారికి. ఆ రెండో బ్రేకు తొక్కీ తొక్కీ, ముప్ఫై నిండకుండానే ఆయన కుడికాలికి అదే లోకమైపోయింది. పక్కింటి పిల్ల మెట్ల మీద పరుగెత్తినా, భార్య వేడి గిన్నె పట్టుకుని గబగబా వచ్చినా ఆ కాలు నేలని నొక్కేసేది. ఊరంతా ఆయన్ని బ్రేకు మాస్టారనే పిలిచేది.

సగం ఊరికి డ్రైవింగ్ నేర్పిన ఈ మహానుభావుడు సొంత భార్యకి మాత్రం నేర్పలేకపోయారు. దీపం కింద చీకటంటే ఇదే మరి. ఆవిడ స్టీరింగు పట్టుకోవడం ఆలస్యం, కారు కప్పలా ఒక్క గెంతు గెంతి ఆగేది.

“నేనేం నొక్కలేదండీ!” అనేది ఆవిడ.

“పాత కారు కదా,” అనేవారు ఈయన, కిటికీలోంచి ఎటో చూస్తూ. కొన్నాళ్ళు ఓపిక పట్టి, ఆవిడ తాళంచెవి ఆయన చేతిలో పెట్టేసింది.

ఆవిడది కట్టుడు పళ్ళు చేసే చోట పని. మైనంతో పన్ను మలిచి, పక్కపన్నుతో రంగు కలిసేదాకా వదలని మనిషి. ఆ ఊళ్ళో బస్సు దానికి బుద్ధి పుట్టినప్పుడు వచ్చేది కాబట్టి, పొద్దున దింపేదీ సాయంత్రం తీసుకొచ్చేదీ మాస్టారే. ఆయన క్లాసు ఆలస్యమైతే, దించేసిన షట్టరు ముందు ఆవిడ సంచీ పట్టుకుని నిలబడేది. ఇదంతా ప్రేమేనని మాస్టారి నమ్మకం. ప్రేమే, ఎవరు కాదన్నారు? కానీ నిలబడే కాళ్ళు ఆవిడవి.

ఇంతలో ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకుంటాం, ఖాళీ చెయ్యమన్నాడు యజమాని. ఆవిడ అదను చూసి చెప్పేసింది.

“మాస్టారూ, ఇల్లు కాదు, ఊరే మారుద్దాం. అద్దె మన జీతాల్లో ఇమడాలి. బస్సు మన వీధిలోకి రావాలి. నాకు ఎక్కడికి వెళ్ళాలనిపిస్తే అక్కడికి నేనే వెళ్ళాలి.”

అంటే ఎవరికీ కారు అక్కర్లేని ఊరన్నమాట. గొడుగులమ్మేవాడు వాన పడని ఊరు వెతుక్కున్నట్టుంది వ్యవహారం. మాస్టారు మింగలేక కక్కలేక “సరే” అన్నారు.

మొదటి ఊళ్ళో బస్సులు బ్రహ్మాండం, అద్దెలు ఆకాశం. వాళ్ళ జీతాలకి దొరికిన గదిలో ఒకరు చెయ్యి చాపితే రెండోవాళ్ళు బయట నిలబడాలి. రెండో ఊళ్ళో అద్దె కుదిరింది, ఇల్లు కుదిరింది, ఆవిడ మొహం వెలిగింది. మాస్టారు మాత్రం బస్సు దిగుతూనే పెదవి విరిచారు.

“ఆ డ్రైవరు మలుపులో లైటు వెయ్యలేదు చూశావా? మనకి పడదీ ఊరు.”

“మనమేమైనా ఆయనతో వియ్యమందుతున్నామా?” అంది ఆవిడ. ఎన్ని చెప్పినా ఆయన కోడిగుడ్డుకి ఈకలు పీకుతూనే ఉన్నారు. ఆ ఊరూ పోయింది. తిరుగు ప్రయాణంలో ఆవిడ వెళ్ళి వేరే సీట్లో కూర్చుంది.

మూడో ఊళ్ళో ఇల్లు తాళాల కొట్టు మీద, రెండో అంతస్తులో. ఇంటావిడ తిన్నగా వంటింటి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. “అదిగో, బస్సు ఆ మూల తిరిగేటప్పుడు ఇక్కణ్ణించి కనిపిస్తుంది. అప్పుడు చెప్పులేసుకుని దిగినా అందుతుంది. మా ఇంట్లో అద్దెకున్నవాళ్ళెవరూ బస్సు కోసం పరుగెత్తలేదమ్మా.”

“మెట్లు కాస్త ఎత్తు...” అని మొదలుపెట్టారు మాస్టారు.

ఆవిడ అప్పటికే చెప్పులు వేసుకుంటోంది. ఆ ఊళ్ళో కట్టుడు పళ్ళు చేసే చోటొకటి కనుక్కుని ఉంది, పని గురించి మాట్లాడి వస్తానంది. ఈయనా లేవబోయారు.

“మీరిక్కడే ఉండండి మాస్టారూ. నేనొక్కదాన్నే వెళ్తాను.”

కిటికీలోంచి చూస్తుండగా ఆవిడ బస్సెక్కింది. బస్సు కదిలింది. మాస్టారి కుడికాలు ఉన్న బలమంతా పెట్టి నేలని నొక్కింది. బస్సు ఆగలేదు.

తర్వాత మొదలైంది ఎదురుచూపు. మూల తిరిగిన ప్రతి బస్సుకీ ఆయన మెడ సాగేది, ప్రతి బస్సులోంచీ ఎవరెవరో దిగేవారు. ఆ షట్టరు ముందు తను అన్నిసార్లు నిలబెట్టిన మనిషి గుర్తొచ్చి, మాస్టారికి నిజంగా సిగ్గేసింది.

“కింద కొట్టువాడు పైకొస్తాడు నాయనా, ఆ కాలు కాస్త ఆపు,” అంది ఇంటావిడ.

చివరికి ఒక బస్సులో, కిటికీ పక్క సీట్లో, తలానించుకుని వస్తూ ఆవిడ కనిపించింది. అంత నిశ్చింతగా ఉన్న ఆ మొహం ఆయన ఎప్పుడూ చూడలేదు. తన కారులో ఉన్నంతసేపూ ఆవిడ చూపు ఆయన కాలి మీదే ఉండేది మరి. మెట్లన్నీ ఎక్కి వచ్చి, “పనిలోకి రమ్మన్నారండీ!” అంది ఆయాసపడుతూ.

మాస్టారు సంతోషించాలి కదా. కళ్ళు తుడుచుకున్నారు.

“రెండో ఊరి డ్రైవరు లైటు వేశాడోయ్. నేనే అబద్ధమాడాను. నువ్వు ఎక్కడికైనా ఒక్కదానివే పోగలిగితే, ఇక నాతో పనేముంటుందని భయమేసింది.”

ఆవిడకి కోపం రావాల్సిందే, కాస్త వచ్చింది కూడా. రెండో ఊరి ఇల్లు ఎంత బాగుందని! కానీ ఆ కుడికాలు ఇంకా నేలని నొక్కుతూనే ఉండటం చూసి నవ్వొచ్చింది.

“ఈ బస్సు స్టేషను దాకా పోతుంది తెలుసా? అక్కణ్ణించి ఎటు కావాలంటే అటు రైళ్ళు. అన్నీ చూసి, తిరుగు బస్సెక్కి ఎక్కడికొచ్చాను?”

మాస్టారు తన కాలి వంక చూసుకున్నారు.

“మిమ్మల్నే. ఎక్కడికొచ్చాను?”

“ఇక్కడికి,” అన్నారాయన, బడిలో పిల్లాడిలా.

ఇల్లు ఖాయం చేసుకున్నారు. డిపోలో కొత్త డ్రైవర్లకి నేర్పేవాళ్ళు కావాలట, అడిగి చూడమంది ఇంటావిడ. “అడుగుతారు గానీ, బస్సుకి రెండో బ్రేకుంటుందాండీ?” అంది భార్య, నవ్వు ఆపుకుంటూ.

సాయంత్రం ఊరికి తిరిగి వెళ్ళడానికి, స్టేషనుకి ఇద్దరూ ఆ బస్సులోనే బయల్దేరారు. ముందు స్టాపు కనబడగానే మాస్టారి కుడికాలు లేవబోయింది. ఆవిడ అటు చూడకుండానే తన చెప్పు తీసి, ఆ పాదం మీద తన పాదం పెట్టి ఉంచింది. బస్సు దానంతటదే ఆగింది.