విలుకాడికి ఇరవై పాయింట్లు

నేను చేసిన వెధవపనులు వరసగా చెప్పుకుంటూ పోతే జి.మాడుగుల నుంచి అరకు దాకా నడిచినా తరగవు. వాటన్నిటికీ పెద్దన్నలాంటిది ఒకటుంది. ఒక్క బాణం వెయ్యకుండా, ఒక్క అడుగు నడవకుండా, మంచం మీద కూర్చునే ఒక వీడియో గేములో చిత్తుగా ఓడిపోయాను. నవ్వుకోండి, ఫరవాలేదు, అందరికంటే ముందు నేనే నవ్వుతున్నాను. చివరికొచ్చేసరికి మాత్రం నా నవ్వుని నమ్మకండి.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. డిగ్రీ అయింది, ఉద్యోగం కాలేదు. పేరుకి మా కాఫీ తోటలో పని, మనసంతా ఒక పాత లాప్‌టాప్ మీద. పాడేరులో చదివే స్నేహితుడు హార్డ్‌డిస్కులో కొత్త గేము ఎక్కించి ఇచ్చాడు. పెద్ద అడవి, కొండలు, జంతువులు, మధ్యలో మనం. ఆడే ముందు మన మనిషిని మనమే తయారు చేసుకోవాలి. ఇరవై పాయింట్లు ఇస్తారు. బలానికిన్ని, చురుకుకిన్ని, చూపుకిన్ని, తెలివికిన్ని అని పంచాలి. దీన్నే బిల్డ్ అంటారు. ఒకసారి పంచాక మార్చడం కుదరదని ఎక్కడో విన్నాను. ఎక్కడ విన్నావని మాత్రం అడక్కండి.

మా తాత వయసులో ఉన్నప్పుడు పేరున్న విలుకాడు. మా మన్యంలో వేసవిలో వచ్చే ఇటుకల పండగకి మగాళ్ళంతా వేటకెళ్ళే రోజుల్లో, ఖాళీ చేతులతో తిరిగొచ్చినవాళ్ళ మీద ఆడవాళ్ళు పేడనీళ్ళు కొట్టేవారు. తన మీద ఏనాడూ ఒక్క చుక్క పడలేదని తాత చెప్పుకునేవాడు. నానమ్మ ఉన్నన్నాళ్ళూ అది అబద్ధమనే చెప్పింది. ఇప్పుడు ఆ వేటా లేదు, నానమ్మా లేదు. అందుకే లాప్‌టాప్‌లో ఆ అడవి బొమ్మ కనబడగానే తాత స్టూలు లాక్కుని నా పక్కన చేరిపోయాడు.

"ఇది ఏ కొండరా?"

"ఉత్తుత్తి కొండ తాతా. ఇందులో విల్లు పట్టుకుని వేటాడొచ్చు."

"అయితే బేగి పెట్టు. సూద్దాం."

"ముందు పాయింట్లు పంచాల. చూపుకి నాలుగు వేద్దామనుకుంటన్నాను."

"విలుకాడి సూపుకి నాలుగేనేటి? ఓపిక్కి ఎన్ని?"

"ఓపిక్కి పాయింట్లు లేవు. అదృష్టానికి ఉన్నాయి."

"అదృష్టం మనమే ఏసుకుంటామా?" తాత నోరెళ్ళబెట్టాడు. "మరి మాకు ఎవులూ సెప్పలేదేటి!"

నేను నోటుబుక్కు తీశాను. చురుకు ఎనిమిదైతే బాణం ఎంత దూరం పోతుంది, బలం మూడైతే ఎలుగుబంటి ఎన్ని దెబ్బల్లో నన్ను తినేస్తుంది, అన్నీ గళ్ళు గీసి రాశాను. డిగ్రీ పరీక్షలకి ఇందులో నాలుగో వంతు రాసుంటే ఈపాటికి కలెక్టరునయ్యేవాణ్ణి. తాత రోజూ పొద్దున్నే చోడి అంబలి గ్లాసుతో వచ్చి అడిగేవాడు.

"అయిందేటి?"

"అవలేదు తాతా. మామిడి కొత్త అవకుండా పండు ముట్టనిత్తావేటి నువ్వు? ఇదీ అంతే."

పండగ చేసి అమ్మోరికి పెట్టనిదే మావాళ్ళు కొత్త మామిడికాయ కొరకరు. పండగ కాకుండా కాయ కొరికిన పిల్లల నెత్తి మీద మొట్టికాయలు వేసే పెద్దమనిషి మా తాతే. ఆయన నియమాన్నే ఆయన మీదకి తిప్పేసరికి పాపం ఒప్పేసుకున్నాడు. "సరేరా, కొత్త అంటే కొత్తే" అని గ్లాసు తీసుకుని వెళ్ళిపోయాడు. నేనెంత తెలివైనవాణ్ణో చూశారా.

కాఫీ పళ్ళ కోత మొదలైంది. తాత బుట్టలో ఎర్రపళ్ళతో పాటు పచ్చికాయలు కనబడ్డాయి. పక్క కొమ్మల్లో పళ్ళు అలాగే ఉండిపోయాయి.

"ఏటి తాతా, చెట్టుకి గుండు గీస్తన్నావా?" అన్నాను నవ్వుతూ.

తాత నవ్వలేదు. "పక్కలంట మసకగా ఉన్నాదిరా. ఎదురు బొంగులోంచి సూత్తన్నట్టున్నాది. ఓపాలి పాడేరు ఆసుపత్రికి తీసుకెల్లు. ఈలోగా ఆ ఆట కూడా పెట్టెయ్, కనపడతన్నప్పుడే సూసెత్తాను."

"శుక్లాలే తాతా. ఆపరేషన్ ఎప్పుడైనా చేయించుకోవచ్చు. సోమవారం వెళ్దాం."

సోమవారం వచ్చింది. విలుకాడికి కత్తి కూడా ఇవ్వాలా వద్దా అన్న పెద్ద చిక్కొచ్చి పడింది. పై సోమవారం డాలు గొడవ. ఆ పై సోమవారం ఏమడ్డొచ్చిందో నాకిప్పుడు గుర్తు కూడా లేదు. అమ్మ ఒకరోజు చీపురు కింద పడేసి నా ముందు నిలబడింది.

"ఒరే, లేని మనిసికి ఎన్ని కళ్ళు పెడతన్నావో గానీ, ఉన్న మనిసిని ఆసుపత్రికి తీసుకెల్లవేటి?"

"పాయింటు తప్పితే మళ్ళీ మార్చడానికి అవదమ్మా!" అని నేనే అరిచాను.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. నేను ఇల్లెలా చక్కబెట్టాలో బొమ్మ గీస్తూ కూర్చున్నాను. దీపం కొండెక్కింది.

మూడో నోటుబుక్కు ఆఖరి పేజీలో బిల్డ్ పూర్తయ్యేసరికి మామిడికాయలు దిగాయి. ఆ వారమే తాత సొంత ఇంటి గడప కనబడక బోర్లా పడ్డాడు. అప్పుడు పరిగెత్తాను ఆసుపత్రికి. డాక్టరమ్మ ఎప్పట్నించని అడిగి, లైటు వేసి చాలాసేపు చూసింది.

"శుక్లాలు కావు, నీటికాసులు, గ్లకోమా. పోయిన చూపు తిరిగి రాదు. ఆ కాఫీ కోతలప్పుడే తీసుకొచ్చుంటే ఉన్నదన్నా నిలబెట్టేవాళ్ళం."

"ఇప్పుడండీ?"

"వెలుగూ చీకటీ తేడా తెలుస్తుంది. అదైనా నిలవాలంటే కంట్లో చుక్కలు మానకండి."

తిరిగొచ్చేటప్పుడు బండి మీద నా భుజాలు ఊగడం వెనక కూర్చున్న తాతకి తెలిసిపోయింది.

"ఏడుత్తన్నావేటిరా? రోడ్డు సూసి నడుపు. మనిద్దరికీ కలిపి రెండే కళ్ళున్నాయి."

ఆ మాట మీద ఇద్దరం నవ్వాం.

మర్నాడు పొద్దున్న తాతే స్టూలు తడుముకుంటూ వచ్చాడు. "పెట్టు, సూద్దాం" అన్నాడు. మూడు నోటుబుక్కులూ పక్కన పెట్టుకుని ఇరవై పాయింట్లూ పంచాను. చూపుకి తొమ్మిది. మన విలుకాడు అడవిలో అడుగు పెట్టాడు.

"ఏటి కనపడతన్నాది?"

"ఒక గుడిసె. వాకిట్లో ముసలమ్మ. మనతో ఏదో అంటంది."

"ఏటంటంది? సదువు."

తెర మీద అక్షరాలు తెలుగులో చెప్పుకుంటూ పోయాను. "నాయనా, నీ పాయింట్లు నచ్చకపోతే నా దగ్గరికి రా. ఎప్పుడైనా, ఎన్నిసార్లయినా మార్చి ఇస్తాను..."

మూడు నోటుబుక్కులూ మూసి మంచం కిందకి తోసేశాను. తాత మాత్రం పొట్ట పట్టుకుని నవ్వాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు. తరవాత చెయ్యి చాచి నా తల వెతుక్కుని నిమిరాడు.

"పోన్లేరా. గుంటణ్ణి ఆ కొండెక్కించు. పైకెల్లినాక ఏటి కనపడతాదో నాకు సెప్పు."

ఎక్కించాను. ఒక్కో చెట్టూ చెప్పాను. రోజూ చెబుతూనే ఉన్నాను.

కనుక ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయునదేమనగా, ఇకమీదట నేను ఏ ఆటకీ ముందుగా బిల్డ్ వెయ్యను. ఆడతాను, ఓడతాను, మళ్ళీ ఆడతాను. ఇంట్లో ఎవరైనా ఆసుపత్రికి తీసుకెళ్ళమంటే మాత్రం, బండి స్టార్టు చేశాకే ఎందుకని అడుగుతాను.